మూడో మనిషికి తెలియని స్విచ్

చందానగర్,
అక్టోబర్ 16.

చిరంజీవి రాజేందర్‌కు,

చిరంజీవి అని రాయడానికి చేయి రాలేదు. అయినా రాశాను. నా తర్వాత అమ్మ కడుపున పుట్టినవాడివి, ఆ ఒక్క మాట తీసేసి నీకు ఉత్తరం రాయడం నాకు చేతకాదు. ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. కాగితమైతే నా మాటకు అడ్డం రాలేవు.

అవును, నాకు తోడుగా స్టేషన్‌కు వచ్చిన నీ ముందే నీ పేరు చెప్పింది నేనే. ఎస్సై "ఎవరి మీదన్న అనుమానం ఉన్నదా అమ్మా" అని అడిగితే, నా తమ్ముడి మీద ఉన్నదని చెప్పాను. నిన్ను రెండు రోజులు కూర్చోబెట్టారని, జీడిమెట్లలో నువ్వు పనిచేసే మెకానిక్ షెడ్డు ఓనర్ ఇక రావద్దన్నాడని మరదలు ఏడుస్తూ ఫోన్ చేసింది. నాకు జాలి కలగలేదు. కలగలేదన్న సంగతి నీకు తెలియాలనే రాస్తున్నాను.

ఇంకెవరిని అనుకోమంటావు? ఆ రోజు పొద్దున ఆరున్నరకు చందానగర్ మార్కెట్ ముందు నా భోజనాల ట్రాలీ బండి ఆపాను. స్టీరింగ్‌కు గొలుసు వేసి తాళం పెట్టాను. సీటు కింద నువ్వు పెట్టిన చోర్ స్విచ్ ఆపేసి, మ్యాట్ కప్పాను. పాలకూర, గోంగూర తీసుకుని వచ్చేసరికి ఇరవై నిమిషాలు కాలేదు. గొలుసు ముక్కలు రోడ్డు మీద ఉన్నాయి, బండి లేదు. పక్కనే నిమ్మకాయలమ్మే ఆమెను అడిగితే "నీ మనిషే అనుకున్న వదినా, జర సేపు సీటు కింద చెయ్యి పెట్టి చూసిండు, స్టార్ట్ చేసిండు, పోయిండు" అన్నది.

సీటు కింద చెయ్యి పెట్టాలని ఎవడికి తెలుసు? ఆ స్విచ్ బిగించిన రోజు నువ్వు నా చేయి పట్టుకుని ఆ మూలకు తీసుకెళ్లి చూపించావు. "అక్కా, ఇది పాత బండి. ఏ తాళంచెవి పెట్టి తిప్పినా తిరుగుతది. ఈ స్విచ్ ఆపితే మటుకు ఇంజిన్‌కు డీజిల్ పోదు, ఎవ్వడొచ్చినా ముక్కుడే గని లేవది. దీని సంగతి నీకు, నాకు. మూడో మనిషికి తెలిస్తే ఇగ వేస్ట్" అన్నావు. నేను ఎవరికీ చెప్పలేదు, నా కూతురు హర్షిణికి కూడా. మరి మిగిలింది ఎవరు?

మీ బావ పోయిన నెలకే నువ్వు ఆ బండి అడిగావు. "ఆడదానివి, దీనితోటి నీకేం పని, నాకియ్యి, కిరాయికి తిప్పుకుంట" అన్నావు. నేను ఇవ్వనన్నాను. మూడు నెలలు మాట్లాడలేదు నువ్వు. తర్వాత నీ అంతట నువ్వే వచ్చి, కోకాపేట కొత్త రోడ్ల మీద నాకు డ్రైవింగ్ నేర్పావు. గేరు మార్చడం రాక నేను ఏడిస్తే నవ్వావు. నీ మనసు మారిందనుకుని మురిసిపోయాను. మొన్న దసరాకు బండి కడిగి పూజ చేసుకుంటూ కూడా నిన్నే తలుచుకున్నాను. ఇంజిన్‌కు, స్టీరింగ్‌కు, నీ చేత్తో బిగించిన ప్రతిదానికీ పసుపు కుంకుమ పెట్టి, బంతిపువ్వు పెట్టాను. వారం తిరగకుండా ఇదీ నువ్వు నాకు చేసింది.

ఇప్పుడు గిన్నెలు ఆటోలో వేసుకుని ఆఫీసుల దగ్గరికి పోతున్నాను. ఫుట్‌పాత్ మీద స్టూలు వేసి అన్నం పెడుతుంటే, రోజూ తినే శ్యామ్ అనే అబ్బాయి "మీ బండి ఏమైందండీ" అని అడిగాడు. రిపేరుకు ఇచ్చానని చెప్పాను. తమ్ముడు ఎత్తుకుపోయాడని ఏ నోటితో చెప్పను?

తెచ్చి ఇంటి ముందు పెట్టు. కేసు వాపసు తీసుకుంటాను. తేకపోతే, నాకు తమ్ముడు లేడనుకుంటాను.

నీ అక్క,
జయలక్ష్మి


జీడిమెట్ల,
నవంబర్ 3.

అక్కకు రాజేందర్ దండం.

నీ ఉత్తరం చేరింది. మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదువుతుంటే మీ మరదలు గుంజుకుని దాచింది.

నీ బండి దొరికింది. షెడ్డులో పని పోయినాక నాకు వేరే పనేముంది, పాత సామాన్లు కొనే గోదాములన్నీ తిరిగాను. బండి పోయిన పంతొమ్మిదో రోజున ఒకదాని వెనక కనబడింది. నంబర్ ప్లేటు మార్చారు, రంగు మార్చలేదు. వెనక డాలా రేకు లోపలివైపు బావ సుత్తితో కొట్టుకున్న తన పేరు పొడి అక్షరాలు 'బా.న.' అట్లాగే ఉన్నాయి. వాటి మీద చేయి పెట్టి కొంతసేపు నిలబడ్డాను. తర్వాత పోలీసులకు చెప్పాను. దొంగను కూడా పట్టుకున్నారు. కాగితాలు తీసుకుని పోయి తెచ్చుకో. బ్యాటరీ మాత్రం కొత్తది వేయించాలి.

స్విచ్ సంగతి వాడికి ఎట్లా తెలిసిందని నన్ను అడగకు. నాకు తెలుసు. చెప్పను.

ఒకటి మాత్రం చెప్తాను. ఎస్సై ముందు నా పేరు చెప్పేటప్పుడు నువ్వు నా మొహం చూడలేదు. గోడ మీద క్యాలెండర్ చూస్తూ చెప్పావు. రెండు రోజులు బల్ల మీద కూర్చున్నందుకు నాకు బాధ లేదు. పని పోయినందుకు కూడా లేదు, ఇంకొకటి దొరుకుతుంది. ఒక్కసారి నా దిక్కు తిరిగి, "తీసినవారా?" అని అడిగితే నేను లేదనేవాణ్ణి. నువ్వు అడగనే లేదు.

వచ్చే రాఖీకి నా గుమ్మం తొక్కవద్దు.

రాజేందర్


చందానగర్,
నవంబర్ 9.

చిరంజీవి రాజేందర్‌కు,

ఈసారి ఆ మాట రాయడానికి చేయి ఆగలేదు. నీకు రాసే అర్హత నాకు ఉందా అన్న దగ్గర ఆగింది.

నిన్న స్టేషన్‌కు పోయాను. నీ ఉత్తరం చదివాక కూడా నా బుద్ధి ఎంత పాడుబుద్ధో చూడు, "దొరికిందట, దాచినవాడికి దొరకక ఏమవుతుంది" అనుకుంటూనే పోయాను. సంతకాలు పెడుతుంటే కానిస్టేబుల్ నవ్వాడు.

"అమ్మా, నీ బండికి చోర్ స్విచ్ పెట్టిచ్చినవు, మళ్ల దానికి బొట్టు గూడ పెట్టినవా? వాడేం చెప్పిండో తెలుసా? బండి లేస్తలేదని సీటు కిందికి వంగితే, మ్యాట్ అంచుకు బంతిపువ్వు కనబడ్డదట. లేపి చూస్తే పసుపు, కుంకుమ. దేవునికి పెట్టినట్టు పెట్టిన్రు సార్, ఏందో ఉన్నదని నొక్కిన, లేచింది అన్నడు."

ఆయన ఆగలేదు.

"మీ తమ్మునికి ఇదంత ఎరుకే. మా అక్కకు చెప్పకుండ్రి సార్, తట్టుకోదు అన్నడు. నేనే నోరు జారిన."

తల కొట్టేసినట్టయింది తమ్మీ. బయటికొచ్చి బండి ఎక్కి మ్యాట్ ఎత్తాను. పువ్వు రాలిపోయింది, కుంకుమ ఇంకా ఉంది, నా వేలిముద్రతో సహా. ఇన్ని రోజులు లేనే లేడనుకున్న మూడో మనిషిని తయారుచేసింది నేనే. నువ్వు బిగించిన తాళాన్ని నా చేత్తో నేనే చూపించాను, చూపించి నిన్ను దొంగ అన్నాను. దండం పెట్టి మరీ చేశాను ఆ పని.

నీ ఉత్తరంలో "తెలుసు, చెప్పను" అని రాశావు చూడు, అది చదివి ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇంకా ఏదో దాస్తున్నాడనుకున్నాను. నీకు నా మీద అంత మంట ఉండి కూడా నన్ను కాపాడావు. నాకు నీ మీద అంత ప్రేమ ఉండి కూడా ఒక్క మాట అడగలేదు. ఎందుకు అడగలేదో నీకు నిజం చెప్తాను. మీ బావ పోయాక ఆ బండి అడిగావు కదా, ఆ రోజు నుంచీ నా లోపల ఒక మూల నిన్ను దొంగగానే చూశాను. నువ్వు డ్రైవింగ్ నేర్పుతున్నప్పుడూ చూశాను, గొలుసు కొనిచ్చినప్పుడూ చూశాను. బండి పోగానే నాకు ఏడుపు కంటే ముందు, నేను అనుకున్నదే అయిందన్న తృప్తి కలిగింది. అది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే నీకు నేను ఇంకా అబద్ధమే చెప్పినట్టు.

మీ షెడ్డు ఓనర్‌ను కలిసి తప్పు నాదని చెప్పాను. "పోలీసులు వచ్చిన షెడ్డుకు గిరాకీ రాదమ్మా" అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. నేను పాడుచేసినవన్నీ నేను బాగుచేయలేనని అక్కడే తెలిసింది.

క్షమించమని అడగను. గుమ్మం తొక్కవద్దన్నావు, తొక్కలేదు. ఈ ఉత్తరం మీ ఇంటి ముందు నిలబెట్టిన బండి అద్దం మీద, వైపర్ కింద పెట్టి వెళ్తున్నాను. బ్యాటరీ కొత్తది వేయించాను. గొలుసు వేయలేదు. తాళంచెవి దానికే ఉంది. నీ స్విచ్ ఆన్‌లోనే ఉంచాను.

నడుపుకుంటే నీది. నాకు ఆటో అలవాటైంది. ఒకవేళ నువ్వు తీయకముందే ఎవడైనా ఎత్తుకుపోతే పోనీ. ఈసారి నేను ఎవరి పేరూ చెప్పను.

నీ అక్క,
జయలక్ష్మి