పదకొండు పేజీల హెచ్చరిక, ఒక రౌటర్

జూన్ 2, ఉదయం 6.
మా హాలుకు నెట్ ఇచ్చే రౌటర్ కమాండ్లు పది రోజుల్లో నేనే నేర్చుకుంటాను. 12న రొయ్యల కంపెనీ సరస్సులోకి తవ్వే మురుగు కాలువపై ప్రజాభిప్రాయ సేకరణ. వీడియోలోనట! సరస్సు పాడైతే వల వేసేవాళ్ల గతేమిటో మా మత్స్యకార సంఘం హాలు నుంచి పదిహేను మంది చెప్పాలి. మొదట మాట్లాడేది వల వేసే మస్తానమ్మ. నెల్లూరు నుంచి వచ్చి గంటలో బిగిస్తానన్నాడు నెట్ పని తెలిసిన నరేంద్రబాబు. సంఘం కార్యదర్శిగా వద్దన్నాను. విద్య మీద కొందరి గుత్తాధిపత్యం ఇక చెల్లదు.

జూన్ 3.
'ఎనేబుల్' అని కొడితే పైస్థాయి హక్కులు వస్తాయి. యంత్రంలోనూ అధికార వర్గమే! తీగలు గుచ్చే పోర్టులు పుట్టుకతోనే మూసి ఉంటాయి. 'నో షట్‌డౌన్' అంటేనే తెరుచుకుంటాయి. ఇరవై ఏళ్లుగా కరపత్రాల్లో నేను రాస్తున్నది ఇదే కదా.

జూన్ 5.
నెట్ వచ్చింది! పాస్‌వర్డు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఇది గుత్తాధిపత్యం కాదు, భద్రత.

జూన్ 9.
'బ్యానర్' అని ఒక కమాండ్. రౌటర్ సెట్టింగుల్లోకి వచ్చేవాళ్లకు మన హెచ్చరిక కనబడుతుంది. నాలుగు రోజులుగా అదే రాస్తున్నాను. పదకొండు పేజీలు. రౌటర్ సగంలోనే మొరాయించింది. సెన్సార్‌షిప్!
మస్తానమ్మ తొంగి చూసింది.
"ఇది ఎవురు చదవతారన్నా?"
"లోపలికొచ్చేవాళ్లు."
"లోపలికి పొయ్యేది నువ్వొక్కడివే గదా."
చైతన్యం రావాలంటే సమయం పడుతుంది.

జూన్ 11.
పెట్టిన సెట్టింగులను భద్రం చేసే పాఠం మిగిలింది. ఉన్నదాన్ని ఉన్నట్టే కాపాడటం మితవాదుల పని. ఎండ కూడా ఎక్కువగా ఉంది. తరువాత చూస్తాను.

జూన్ 12.
11.00. హాలు నిండింది.
11.20. కరెంటు పోయి వచ్చింది. భద్రం చేయనివన్నీ దాంతోపాటే పోతాయట. నెట్ అడ్రసు లేదు, పాస్‌వర్డు లేదు, బ్యానర్ లేదు. కొట్టిన కమాండ్లు నాకూ గుర్తులేవు.
11.40. మా ఊరి పేరు పిలిచారు. మస్తానమ్మ తన ఫోన్ తీసుకుని వలల షెడ్డు మీదికెక్కింది. సిగ్నల్ ఉండేది అక్కడే.
"సార్, ఆ కంపెనీ వదిలే నీళ్లల్లో ఒక్కపూట నిలబడి చూడండి. కాళ్ల మంట తగ్గినాక సంతకం పెట్టండి."
లైన్ తెగింది. మిగతా పద్నాలుగు మందికి అభ్యంతరం లేదని అధికారులు రాసుకున్నారట.

జూన్ 13.
మావాళ్లు గొడవ చేయడంతో 26న మళ్లీ వింటామన్నారు అధికారులు. మస్తానమ్మ వచ్చి నరేంద్రబాబు నంబరు అడిగింది. కనబడటం లేదన్నాను.
పదమూడు రోజులున్నాయి. రేపు ఉదయం ఆరింటికి మొదటి పాఠం. అంతకుముందు, ఈ ఉద్యమానికి ఒక ముందుమాట రాసుకోవాలి.