నెట్ కార్డుకు బొట్టు

నాయనా,

ఆరున్నర బస్సుకు హిందూపురం పోతాండా. సంగటి గిన్నెలో ఉండాది, తినేసి మగ్గంలో కూర్చో.

మన ఊరికి నెట్ లైను రాదని ఫోనాఫీసులో మళ్ళీ చెప్పినారు. రాకపోతే పోనీ. మనం కొన్న నెట్ కార్డు మిద్దె మీద బాగానే పనిచేస్తాండాది, ఇంట్లోనే సిగ్నల్ అందడం లేదు. దానికి పొడుగు వైరు తగిలిస్తే ఇంటి కప్పుకుండే గవాచిలోంచి పైకి పెట్టొచ్చు. ఆ వైరు తెచ్చేదాకా నేను తిరిగి రాను. నువ్వు మిద్దెక్కి గవాచి మీది బండ పక్కకు జరిపి పెట్టు.

బెంగళూరు అంగడాయన సాయంత్రం చీర డిజైను పంపుతాడు. ఈసారీ ధర్మవరం నెట్ సెంటరుకు పోయి చూసేలోపల ఆ ఆర్డరు వేరే మగ్గానికి పోతుంది. మనింట్లోనే చూడాల.

కార్డు బీరువాలో పెట్టినా. ముట్టుకోవద్దు. కొత్త పనిముట్టని నిన్న బొట్టు పెట్టినావు, సరే. కంప్యూటరులో దూర్చే మూతికే పెడితే ఎట్లా నాయనా? ఆ కుంకుమ బ్రష్షుతో తీసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

యశోద

కార్డు వీపు మీద ఇంకో బొట్టు పెట్టినావు కదా, అది తుడవలేదు. ఉండనీ.