కిందికి దిగని నీలం గీత

మార్చి 3
ఆరోగ్య కేంద్రం ముందు గోడకు రంగులేసే పని నాకే వచ్చింది. ఎత్తు నాకు రెండింతలు, పొడవు లారీ అంత. బొమ్మలేం లేవు, రెండు గీతలే. రొమ్ము క్యాన్సర్‌తో పోయే ఆడవాళ్లు దేశంలో ఎందరు, మన ఊళ్లో ఎందరు, పోల్చి చూపించాలట. ఈసారి నీ కోతి వేషాలు మాత్రం వద్దు అంది పెద్ద డాక్టరమ్మ. పళ్ల డాక్టరు బోర్డు మీద నవ్వే మొహానికి నేను ముందు పన్ను ఎగ్గొట్టిన సంగతి ఈవిడ దాకా వచ్చిందన్నమాట. ఆ పన్ను లేకపోబట్టే ఆయనకు గిరాకీ పెరిగింది. ఆ ముక్క మాత్రం ఎవరూ మోసుకురారు.

మార్చి 5
లెక్కలమ్మాయి కాగితాలు తెచ్చింది. కేంద్రంలో అంకెలు చూసేది ఈ పిల్లే. కళ్లజోడు ముక్కు మీంచి జారుతుంది కానీ మాట జారదు. ఏ ఏడాదికి ఆ ఏడాది చుక్క పెట్టి కలిపితే మన ఊరి గీత రంపం పళ్లలా వచ్చింది. అలా కాదాంటీ, మన ఊరు చిన్నది, ఒక్కరు అటూ ఇటూ అయినా గీత గంతులేస్తుంది, అందుకే ఐదేళ్ల యావరేజ్ తీస్తాం అంది. లక్ష మంది ఆడవాళ్లలో ఎందరు పోయారన్నదే రేటు అట. మన ఊళ్లో లక్ష మంది ఆడవాళ్లు ఎక్కడున్నారే అన్నాను. లేరు, ఉంటే ఎందరు పోయేవాళ్లో లెక్కేస్తాం అంది. ఎనిమిదో తరగతిలో నేనిలాగే లేనివి ఉన్నట్టు లెక్కేస్తే గోడకుర్చీ వేయించారు. చదువు అక్కడితో సరి.

మార్చి 6
మా వదిన, అంటే అన్నయ్య పెళ్లాం, నా కొట్టు పక్కనే ఇస్త్రీ కొట్టు నడుపుతుంది. ఇవాళ నన్ను వేలాడే బట్టల వెనక్కి లాగి, నా చెయ్యి పట్టుకుని ఎడమ రొమ్ము కింద నొక్కించింది. బఠాణీ గింజంత గట్టిగా ఉంది. నేను జోకేమీ వెయ్యలేదు. దాంతోనే ఆవిడకు భయం పట్టుకుంది. నువ్వు నోరు మూసుకున్నావంటే ఇందులో ఏదో ఉందే అంది. సోమవారం కేంద్రంలో చూపించుకుంటానంది. మీ అన్నయ్యకు చెప్పావో, నీ నాలుకకు ఇస్త్రీ చేస్తానంది.

మార్చి 8
గోడ అయిపోయింది. దేశానిది ఎరుపు, మనది నీలం. నీలం ఎరుపుకు బాగా కిందే ఉంది. పైన రాయమని లెక్కలమ్మాయి ఇచ్చిన వాక్యం: దేశం కంటే మన ఊళ్లో రేటు తక్కువ, కానీ తగ్గడం లేదు. మొదటి అక్షరాలు ఏనుగుల్లా మొదలెట్టాను. తక్కువ దగ్గరికొచ్చేసరికి గోడ అయిపోయింది. ఆ పిల్లేమో సెలవులో ఉంది. మిగిలింది తోక ముక్కే కదా అని వదిలేశాను. చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

మార్చి 11
సోమవారం వచ్చి పోయింది. వదిన వెళ్లలేదు.
ఎందుకే అంటే గోడ చూపించింది. దేశం కంటే మనమే తక్కువని అంత లావున రాసి ఉంటే, పని మానుకుని నేనెందుకు వాళ్ల బల్ల మీద పడుకోవాలి అంది. అది రాసింది నేనే వదినా అన్నాను. నువ్వు చెప్పింది నమ్మను, కేంద్రం వాళ్లు రాయించింది నమ్ముతాను అంది. ఊరంతటినీ ఆట పట్టించినదాన్ని, ఈ ఒక్కసారి ఆటాడకుండానే మనిషిని మోసం చేశాను.

మార్చి 12
లెక్కలమ్మాయి సెలవు నుంచి వచ్చి గోడ చూసింది. కళ్లజోడు ఈసారి నిజంగానే కిందపడింది. తోకేదాంటీ అంది. గోడ మింగింది అన్నాను. నన్ను గీతల ముందు నిలబెట్టి చెప్పింది. ఎరుపు పైనే ఉన్నా ఏటేటా దిగుతోంది. నీలం కింద ఉన్నా ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంది. బయట చాలామంది ముందుగా చూపించుకుంటున్నారు, మందులూ మెరుగయ్యాయి. మనవాళ్లు ఆలస్యంగా వస్తున్నారేమోనని అనుమానం, ఇంకా తేలలేదు.
మరి గడ్డ ఉన్న ఒక మనిషికి ఈ గీత ఏం చెబుతుందే అని, ఎవరో పరాయిదాని గురించి అడిగినట్టు అడిగాను. ఏమీ చెప్పదాంటీ, గీత ఊరిది, గడ్డ ఆవిడది, ఆవిణ్ణి రేపే రమ్మనండి అంది.

మార్చి 13
వదినకు అంతా చెప్పాను. తలెత్తకుండా చొక్కా ఇస్త్రీ చేస్తూనే ఉంది. ఆ చొక్కాకు ఇస్త్రీ అప్పటికే అయింది.

మార్చి 15, ఉదయం ఏడు
వదిన నిన్న కూడా కదల్లేదు. కేంద్రం తెరవకముందే నిచ్చెన ఎక్కాను. ఎరుపు గీత మీద ఆడవాళ్లను జారుడుబల్ల ఎక్కించాను, చెప్పులు చేతపట్టుకుని కిలకిలా జారుతున్నారు. నీలం గీత మీద మంచం వేశాను. మంచం మీద గుర్రు పెట్టి నిద్రపోయే ఆడమనిషి. నడినెత్తిన ముడి, ముడిలో దువ్వెన, పెదవి పక్కన పుట్టుమచ్చ, దిండు పక్కన ఇస్త్రీ పెట్టె. మంచం కింద, ఖాళీ దొరికింది కాబట్టి, కానీ తగ్గడం లేదు అని రాశాను.
ఇక నన్ను ఆ భగవంతుడే కాపాడాలి.

అదే రోజు, సాయంత్రం
భగవంతుడికి తీరిక లేదు. డాక్టరమ్మ వీధి వినపడేలా తిట్టింది. ఆ తిట్లకు జనం పోగయ్యారు, బొమ్మ చూసి ఎవరో వదిన పేరే అరిచారు. ఇంకేముంది, చేతిలో ఇస్త్రీ పెట్టెతో ఆవిడ రానే వచ్చింది. నేను నిచ్చెన వెనక్కి, ఆవిడ డాక్టరమ్మ గదిలోకి.
కిటికీ పక్కన నిలబడి విన్నాను. నన్ను నిద్రమొహంలా గోడకెక్కిస్తారా, పొద్దున్నే ఊరందరికంటే ముందు లేచేది నేను అని వదిన అరుపులు. లెక్కలమ్మాయి మెల్లగా, ఆంటీ, మీ ఆడపడుచు మొన్న నన్నొక గడ్డ గురించి అడిగింది, అది మీదేనా అంది. తర్వాత డాక్టరమ్మ, లేచానంటున్నావుగా తల్లీ, ఎలాగూ వచ్చావు, ఆ పెట్టె అక్కడ పెట్టి కూర్చో అంది.
వదిన చాలాసేపటికి బయటికొచ్చింది. పెద్దాసుపత్రికి చీటీ రాశారు. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఇస్త్రీ పెట్టె మరిచిపోయి వెళ్లింది. నేను మోసుకెళ్లాను.

మార్చి 16
బొమ్మ చెరిపెయ్యమని డాక్టరమ్మ కబురు. రంగు కలిపేలోపే ఇంకో కబురు: పొద్దున్నుంచి ఆడవాళ్లు బారులు తీరారు, దాని జోలికెళ్తే ఊరుకోను.

మార్చి 27
క్యాన్సరే.
చిన్నదట. చంకలోకి పాకలేదట. ఆపరేషన్, ఆ తర్వాత కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్. సరైన సమయంలో వచ్చారని పెద్దాసుపత్రి డాక్టరు అన్నాడు. అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. తిరుగు ప్రయాణంలో బస్సు సగం దూరం వచ్చాక వదిన నాతో మొదటిసారి నోరు విప్పింది. నా ముక్కు అంత లావుగా ఎందుకు వేశావే అంది. ఉన్నదే వేశాను అన్నాను. ఇద్దరం నవ్వలేక చచ్చాం. బస్సు దిగాక కానీ ఏడుపు రాలేదు.

మే 9
ఆపరేషన్ అయ్యాక వదిన చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో కొంచెం కొంచెం పైకి పాకించమని నర్సమ్మ చెప్పింది. ఇంట్లో బోలెడు గోడలుండగా ఈవిడ రోజూ నా గోడ దగ్గరికే వస్తోంది. మంచం కోడు దాటానే, ఇవాళ దిండు అందిందే అని అరుస్తుంది. దిండు దాకా చాలు, ముక్కు దాకా రావాలంటే నిచ్చెన కావాలి అన్నాను. చెప్పు విసిరింది. చెయ్యి బాగానే లేచింది.

మార్చి 6, మళ్లీ ఏడాది
కొత్త అంకెలు వచ్చాయి. నీలం వెంట్రుకవాసి కిందికి దిగింది. దీన్ని ట్రెండ్ అనకండాంటీ, ఇంకొన్నేళ్లు చూడాలి అని లెక్కలమ్మాయి వెంటనే బ్రేకు వేసింది. వదిన ఆ పిల్లను పక్కకు పిలిచి, నేను పోకపోవడం కూడా ఆ లెక్కలో ఉందా అని అడిగింది. ఉందాంటీ అంది ఆ పిల్ల. ఆ తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంది.

మార్చి 7
మంచం చెరిపి, కొత్త చుక్క దాకా నీలం లాగాను. వదిన దగ్గరికొచ్చి, ఆ కొస మీద అరచెయ్యి ఆనించి, ముడత తీసినట్టు కిందికి నొక్కింది. రంగు ఇంకా ఆరలేదు. నేను చెప్పలేదు.