పాప పక్కన కత్తిపీట

12 ఆగస్టు 1993, రేపల్లె. మధ్యాహ్నం

దొండకాయలు తరుగుతున్నాను. పాప పక్కనే చాప మీద కాళ్లాడిస్తోంది. ఉన్నట్టుండి, ఈ కత్తిపీట మీదికి పాపని నేనే నెడితే, అనిపించింది. అనిపించడం కాదు, కళ్లకి కట్టినట్టు కనిపించింది. అన్నీ వదిలేసి పెరట్లోకి పరిగెత్తాను. వాంతయింది. అత్తయ్య ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చింది.

పాపకి రెండో నెల. ఎంత ప్రార్థించి కన్నాను దీన్ని!

13 ఆగస్టు

మళ్లీ వచ్చింది.

22 ఆగస్టు, ఆదివారం

వేలు నొప్పని చెప్పి కూరలు తరగడం మానేశాను. ఇప్పుడు నీళ్ల దగ్గర కూడా వస్తోంది. పాపని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తుంటే, బకెట్లో ముంచేస్తానేమోనని చేతులు కొయ్యబారిపోయాయి. అప్పటినుంచి స్నానం కూడా అత్తయ్యే. ఏంటమ్మాయ్, ఆడపిల్ల పుట్టిందనా ఈ ముభావం, మేమెవరమైనా ఏమన్నా అన్నామా అని అడిగింది. ఏం చెప్పను?

ఈయన బాపట్లలో కాలేజీ ఆఫీసులో క్లర్కు. శనివారం వస్తారు, సోమవారం పొద్దున్నే వెళ్లిపోతారు. చెబుదామని నోటిదాకా వచ్చింది. నేను నోరు తెరవకముందే, సెలవైపోయి మళ్లీ స్కూల్లో జాయినైతే అంతా సర్దుకుంటుందిలే కుమారీ అన్నారు. ఈ బుర్రతో పిల్లలకి లెక్కలు చెప్పాలి.

5 సెప్టెంబరు

చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం. మా వరసంతా లేచి ముందుకి వెళ్లింది. నేను లేవలేదు. హంతకురాలిని, రొట్టె ఎలా తీసుకోను?

7 సెప్టెంబరు, సాయంత్రం

పాస్టరు జ్ఞానానందం అయ్యగారు ఇంటికొచ్చారు. ఆదివారం నేను లేవకపోవడం చూశారట. వసారాలో కూర్చోబెట్టి, ఏంటమ్మా సంగతి అన్నారు. చెప్పేశాను. మొత్తం. సాతాను పని అంటారనుకున్నాను. చేతిలో బైబిలు పక్కన పెట్టారు. తర్వాత, ఇది పాపం కాదమ్మా, జబ్బులా ఉంది, ప్రార్థన నేను చేస్తాను, నువ్వు మాత్రం తెనాలిలో సుశీల అని మైండ్ డాక్టరమ్మ ఉంది, వెళ్లు అన్నారు.

ఆయన వెళ్లాక చూస్తే, అత్తయ్య తలుపు వెనక నిలబడి ఉంది.

8 సెప్టెంబరు

అత్తయ్య పాపని తీసుకుని మొదటి బస్సుకి బాపట్ల వెళ్లిపోయింది. నా మొహం చూడలేదు. నేను ఆపలేదు. ఆపే హక్కు లేదనిపించింది.

పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతోంది.

9 సెప్టెంబరు

ఈయన వచ్చారు. ఒక్కరే. అన్నం తినలేదు. రేపు తెనాలి వెళ్దాం అన్నారు.

10 సెప్టెంబరు

పొద్దున పాసింజరులో తెనాలి. రైల్లో కిటికీ పక్కన కూర్చోనన్నాను. ఎందుకని ఈయన అడగలేదు.

డాక్టరమ్మ మెల్లిగా మాట్లాడుతుంది. చెవిలో ఎవరైనా మాట్లాడుతున్నట్టు ఉంటుందా అంది. లేదండి, నా ఆలోచనేనండి అన్నాను. అలా చెయ్యాలని ఉందా అంది. చస్తానుగానీ చెయ్యనండి అన్నాను. చచ్చిపోవాలని కూడా అనిపిస్తోందా అని వెంటనే అడిగింది. పోయిన వారం అనిపించిందండి అన్నాను. ఈయన చటుక్కున తలెత్తి చూశారు. అప్పటిదాకా నేల చూస్తున్న మనిషి నా చెయ్యి పట్టుకున్నారు, పరాయి వాళ్ల ముందు, మొదటిసారి.

దీనికి పేరుందిట. అబ్సెషన్. చాలామంది బాలింతలకి వస్తుందిట. భయపడి ఎవరూ నోరు విప్పరుట. మీకు పాపంటే ప్రాణం కాబట్టే ఆ ఆలోచన మిమ్మల్ని అంత కాల్చేస్తోంది అంది. బిళ్లలు రాసింది. పాప ఏదని అడిగింది. చెబితే ఆమె మొహం మారిపోయింది. రేపే మీ అత్తగారిని, పాపని తీసుకురండి అంది ఈయనతో.

11 సెప్టెంబరు

నన్ను ఆస్పత్రిలోనే ఉంచి, ఈయన బాపట్ల వెళ్లి ఇద్దర్నీ తెనాలి తీసుకొచ్చారు. పాప నన్ను గుర్తుపట్టలేదేమో అనుకున్నాను. పాల వాసనకి మొహం నా వైపు తిప్పింది.

పిల్లని దూరం చేస్తే ఆ ఆలోచన నిజమేనని మీరు కూడా ఒప్పుకున్నట్టవుతుందండి అంది డాక్టరమ్మ అత్తయ్యతో. ఏదన్నా అయితే నీకేం డాక్టరమ్మా, పోయేది నా మనవరాలు అంది అత్తయ్య. అడగాల్సిన మాటే. డాక్టరమ్మ కోపం తెచ్చుకోలేదు. అత్తయ్య ఎన్ని అడిగితే అన్నిటికీ ఓపికగా చెప్పింది.

2 అక్టోబరు

మూడు వారాలుగా అత్తయ్య నన్ను పోలీసులా కనిపెట్టుకుని ఉంది. ఇవాళ సంచీ తీసుకుని, చేపలు తెస్తా అమ్మాయ్, పిల్ల జాగర్త అని బయల్దేరింది. ఇంట్లో నేను, పాప.

ఆలోచన వచ్చినా పని ఆపొద్దని డాక్టరమ్మ చెప్పినట్టే కత్తిపీట వేసుకుని కూర్చున్నాను. పాప పక్కనే. ఆలోచన వచ్చింది. తరమలేదు. లేచి పరిగెత్తలేదు. చెమటలు పట్టాయి. వంకాయలు తరిగాను. ముక్కలన్నీ వంకర టింకర. పాప ఊ అంది. నేనూ ఊ అన్నాను.

అత్తయ్య ఖాళీ సంచీతో వచ్చింది. చేపలు బాగోలేవంది.

4 అక్టోబరు

ఎదురింటి అచ్చమ్మ చెప్పింది. అత్తయ్య మొన్న అసలు బజారుకే వెళ్లలేదట. మా గేటు ఊచలు పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడిందట. కోపం రాలేదు. అంత భయంతోనూ లోపలికి రాలేదు కదా.

21 నవంబరు

నోరు ఎండిపోతోంది, బిళ్లల వల్లట. నాలుగు రోజులు బాగుంటుంది, ఐదో రోజు మళ్లీ మొదలు. ఇవాళ ఆ ఐదో రోజు. పాపకి స్నానం చేయిస్తున్నంతసేపూ ఏడ్చాను. చేయించాను మాత్రం.

16 జనవరి 1994

పాపకి పన్ను వచ్చింది. పాలు తాగుతూ కసిక్కున కొరికింది. కెవ్వుమన్నాను. తర్వాత నవ్వాగలేదు. అత్తయ్య పరిగెత్తుకొచ్చి ఎవరికేమైందంది.

నాకే, అన్నాను.