పొగ లేని మంట

నర్సా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. పొద్దున ఆమదాలవలస స్టేషన్ దగ్గర మన ఇడ్లీ కొట్టుకి ఒక కాలేజీ మేడమ్ వచ్చింది. రైలు ఆలస్యమని కూర్చుని, తను చెప్పే పాఠం గురించి మాట్లాడింది. బొగ్గును బాగా వేడిచేసి, ఒత్తిడి మీద హైడ్రోజన్ పంపిస్తే వంటకు పనికొచ్చే గ్యాస్ అవుతుందట. నీలంగా మండుతుందట, పొగ రాదట. నేను రోజూ రాసుకునే పుస్తకంలో అది రాసుకున్నాను.

ఒకసారి బొగ్గుల పొయ్యి విసురుతూ, దగ్గు ఆపుకుని నువ్వు నన్నడిగావు.

"ఈ బొగ్గులో పొగ తీసేసి మంటొక్కటే ఉంచలేరేటి మావా?"

"పొగ తీసేత్తే ఇంకేటుంతాదే, నీ మొకం!" అని నవ్వాను. తింటున్నవాళ్లూ నవ్వారు. నువ్వు మళ్లీ అడగలేదు. పొయ్యి మార్చమని ఆస్పత్రిలో చెప్పినా, బొగ్గుల మీద ఇడ్లీకే రుచి అన్నాను. నువ్వు పోయిన నెలకి గ్యాస్ సిలిండర్ తెచ్చాను.

"ఈ మాట మా ఇంటిది ఎప్పుడో అడిగిందమ్మా," అన్నాను మేడమ్‌తో.

"అవునా! ఆవిడేం చదువుకున్నారు?"

"పదారేళ్లు పొయ్యి ముందు కూకుందమ్మా."

ఆమె నవ్వలేదు నర్సా.