పెళ్లి ఫోటోల్లో నావాళ్లు

మంగళవారం, రాత్రి

మా ఆయన లూకా దగ్గరికి వెళ్లడానికి వీసా ఈసారీ ఇవ్వలేదు. ఇక నాకు ఓపిక లేదు. మాది ఉత్తుత్తి పెళ్లని ఎంబసీవాళ్ల అనుమానం. పెళ్లి ఫోటోల్లో నా తరఫు మనిషి ఒక్కరూ లేరట. ఎక్కడినుంచి వస్తారు? ఇటలీ అల్లుడు వద్దని ఆ రోజు నాన్న కావాలనే రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ వేయించుకున్నాడు. అమ్మా, ఈ ఊళ్లోనే తాల్‌బగీచా పేటలో ఉన్న చుట్టాలూ నాన్న మొహం చూసి ఆగిపోయారు. లూకా పక్కన నిలబడింది హిజ్లీ ఇంజనీరింగ్ క్యాంపస్‌లో అతనితో పనిచేసినవాళ్లే.

సాయంత్రం అమ్మ ఈ సంగతి నాన్నకు చెప్పింది. కాసేపటికి నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నా గది గుమ్మంలోకి వచ్చాడు.

"పదమ్మా, స్టూడియోకెళ్దుం. నాను నిలబడతాను. ఇప్పుడు తీయించుకుంటే ఏటైపోద్ది?"

లూకా ఉద్యోగం కోసం వాళ్ల దేశం వెళ్లిపోయి ఏడాది కావస్తోంది. ఎవరి పక్కన నిలబడతావని అడగలేక, నాన్న కాలరు సరిచేశాను.