హంసిని వివరాలు యాప్‌లో పెట్టాను

మృదులా,

పప్పు, వంకాయ కూర స్టవ్ మీద ఉన్నాయి. హంసిని స్కూలు నుంచి రాగానే పెరుగన్నం పెట్టు. నేను పక్కింటి శకుంతల గారి కారులో గుడికి వెళ్తున్నాను. ఆరింటికి వస్తాను.

నా ఫోను బల్ల మీద వదిలాను. అందులో తెలుగు జాతకాల యాప్ ఒకటుంది, చూడు. పిల్లకి జాతకం వేస్తామంటే ఒక్కో ప్రశ్నా కూడబలుక్కుని చదివి అన్నీ రాశాను. పూర్తి పేరు, పుట్టిన వేళ, మనముండే ఊరు మిల్టన్ అని, స్కూలు పేరు కూడా. ఫొటో ఇచ్చాను. జాతకం చూసేవాళ్ళ దగ్గర ఏదీ దాచకూడదని నా అలవాటు. పొద్దున ఆ యాప్‌లోనే ఎవరో "హంసిని పాప ఎలా ఉందమ్మా, ఒకసారి మాట్లాడించండి" అని మెసేజ్ పెట్టారు. నేను జవాబివ్వలేదు.

"పిల్ల ఫొటో ఎక్కడా పెట్టొద్దత్తయ్యా" అని నువ్వు రెండుసార్లు చెప్పావు. ఎదురుగా చెప్పడానికి ముఖం చెల్లక రాస్తున్నాను.

అత్తయ్య

తా.క. ఆ వివరాలు నేనే తీసేద్దామనుకున్నాను. "హంసినిని తొలగించాలా?" అని యాప్ అడిగింది. మా చిన్నమ్మాయి పోయినప్పుడు రేషన్ కార్డులో దాని పేరు దగ్గరుండి కొట్టేయించింది నేనే. మళ్ళీ చెయ్యి రాలేదు. నువ్వు నొక్కమ్మా.